సాయంత్రం వాలే రెప్ప

సంపాదకులు గారికి నమస్కారం.

మూతి వంకరపోయినా, కాలో చెయ్యో పడిపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని మొన్న మీ ఆరోగ్యం పేజీలో పక్షవాతం గురించి రాశారు. మంచి వ్యాసం. అది చదివి మా స్టాఫ్ రూమ్‌లో ఒకరు "మీకొచ్చిందీ ఇదే కదా మేడమ్?" అన్నారు. కాదు. నాకున్నది మయస్థీనియా గ్రావిస్, వాడేకొద్దీ కండరాలు బలం కోల్పోయే జబ్బు. ఆ పేరు నోరు తిరగడానికే నాకు నెల పట్టింది, అదీ తెలుగు పండితురాలిని! అమితాబ్ బచ్చన్‌కు కూడా వచ్చిందని చెప్పాక గానీ అలాంటి జబ్బొకటి ఉందని మావాళ్లు నమ్మలేదు.

ఒంగోలుకు దగ్గర్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో పని చేస్తున్నాను. వయసు 48. మూడేళ్ల కిందట ఎడమ కంటి రెప్ప వాలడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేది, ఐదో పీరియడ్‌కి సగం మూసుకుపోయేది. పిల్లలు 'నిద్ర మేడమ్' అని పేరు పెట్టారు. తర్వాత బోర్డు మీద ఒక్కో లైనూ రెండుగా కనబడేది, ఒక కన్ను మూసుకుంటే మళ్లీ ఒక్కటే. పద్యం ఎత్తుకుంటే మొదటి రెండు పాదాలు గొంతు ఖంగుమనేది, నాలుగో పాదానికి ముక్కుతో మాట్లాడినట్టయ్యేది. జడ వేసుకుంటుంటే చేతులు సగంలోనే కిందికి జారిపోయేవి. రాత్రి చపాతీ తింటే మూడో ముక్కకే దవడ అలిసిపోయి, గడ్డం కింద చెయ్యి ఆనించుకుని నమిలేదాన్ని. పడుకుని లేస్తే అన్నీ మాయం.

ఆ మాయం కావడమే నా కొంప ముంచింది. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళతాం? పొద్దున్నే వెళ్లి టోకెన్ తీసుకుంటాం. ఆ వేళకి నా రెప్ప నిటారుగా ఉండేది, మాట గడగడా వచ్చేది. ఒకాయన కళ్లద్దాలు మార్చారు. ఇంకొకాయన ఆ అద్దాలు మళ్లీ మార్చారు. మరొకరు "నెలసరి ఆగే వయసు కదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. మా అత్తగారు దిష్టి తీశారు. ఖర్చు లేని వైద్యం అదొక్కటే. ఇలా ఏడు నెలలు గడిచాయి.

చివరికి మా ఆయన వారం రోజుల పాటు పొద్దున ఆరింటికొకటి, రాత్రి ఎనిమిదింటికొకటి ఫోన్‌లో నా ముఖం ఫొటోలు తీశారు. గుంటూరులో ఒక న్యూరాలజిస్టు ఆ ఫొటోలు చూసి, ఏ స్కానూ రాయకముందే, తల ఎత్తకుండా కళ్లతో పైన ఫ్యాన్ వైపు చూస్తూ ఉండమన్నారు. నిమిషం తిరిగేసరికి రెప్ప మెల్లగా దిగిపోయింది. రబ్బరు గ్లౌజులో ఐసు ముక్కలు వేసి రెండు నిమిషాలు దాని మీద ఉంచారు. తీసి అద్దం చేతికిచ్చారు. రెప్ప లేచి ఉంది! ఆ తర్వాతే మిగతావన్నీ: రక్తంలో యాంటీబాడీల పరీక్ష, నరానికి వెంటవెంటనే చిన్న చిన్న షాకులిచ్చి కండరం ఎంతలో అలుస్తుందో చూసే పరీక్ష, థైమస్ గ్రంథిలో గడ్డేమైనా ఉందేమోనని ఛాతీకి సీటీ. గడ్డ లేదు. నరం పంపిన కబురు కండరం అందుకునే చోట మన రోగనిరోధక వ్యవస్థే అడ్డుపడుతుందట. అందుకే వాడేకొద్దీ బలం తగ్గుతుంది, కాసేపు విశ్రాంతి ఇస్తే తిరిగొస్తుంది.

ఇప్పుడు గడియారం చూసుకుని బతుకుతున్నాను. పిరిడోస్టిగ్మిన్ మాత్ర అరగంట, ముప్పావుగంటకి పని మొదలుపెడుతుంది, మూడు నాలుగు గంటలు కాస్తుంది. లంచ్ బెల్లుకు ముందు పీరియడ్‌లోనే వేసుకుంటే మధ్యాహ్నం అన్నం గొంతు దిగుతుంది. ఖాళీ కడుపున వేసుకుంటే పేగులు మెలిపెడతాయి కాబట్టి తోడు రెండు బిస్కెట్లు. హెడ్మాస్టరు గారు దయతలచి నా క్లాసులు పొద్దుటి పూటకే సర్దారు. వేడి తగిలితే బలహీనత పెరుగుతుంది కాబట్టి వేడివేడి నీళ్ల తలస్నానం మానేశాను. ఇక ఒంగోలు ఎండల సంగతి మీకు చెప్పాలా? అడ్డుపడే రోగనిరోధక వ్యవస్థను అణచడానికి వాడే స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది. అయినా ఆ మాత్రలు సొంతంగా ఆపకూడదు.

నిరుడు మూత్రంలో మంటగా ఉంటే వీధి చివర మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. రెండో రోజు రాత్రి మంచినీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టి చూసుకోవడం మా డాక్టరు గారు నేర్పారు. మామూలుగా 40 దాకా వెళతాను. ఆ రాత్రి 13 దగ్గర ఊపిరి అయిపోయింది. మా ఆయన "పొద్దున చూద్దాంలే" అనలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఐదు రోజులు ఐసీయూ, ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించారు, గాజులు తాకట్టుకు వెళ్లాయి.

ఈ రకం యాంటీబయాటిక్‌లు మయస్థీనియా ఉన్నవాళ్లకు కండరాల బలహీనతను ముదరబెడతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే మందు వివరాల్లో గడి కట్టించి మరీ హెచ్చరిక పెట్టించింది. జెంటామైసిన్, అజిత్రోమైసిన్ అనే వేరే యాంటీబయాటిక్‌లు, బీపీకి వాడే బీటా బ్లాకర్లు, సెలైన్‌లో ఎక్కించే మెగ్నీషియం కూడా మా డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దన్న జాబితాలో ఉన్నాయి. ఆ కాగితం ఇప్పుడు నా ఆధార్ కార్డు కవరులోనే ఉంటుంది. పంటి డాక్టరుకైనా ముందు అదే చూపిస్తాను.

రెప్ప ఉన్నట్టుండి వాలితే మీరు రాసినట్టు పరుగెత్తాల్సిందే, అందులో మాట లేదు. కానీ సాయంత్రం వాలి పొద్దున లేచే రెప్ప గురించి కూడా ఒక వారం మీ పేజీలో రాయించండి. పొద్దున ఓపీలో కూర్చునే డాక్టర్లు "సాయంత్రం పూట ఎలా ఉంటుందమ్మా?" అని ఒక్క మాట అడిగేలా రాయించండి. అడిగి ఉంటే నాకు ఆ ఏడు నెలలూ, రెండు జతల కళ్లద్దాలూ మిగిలేవి.

నా పేరు మాత్రం వేయకండి. ఇంట్లో పెళ్లికెదిగిన పిల్ల ఉంది. ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదని సంబంధాలవాళ్లందరికీ విడమరిచి చెప్పేంత గొంతు ప్రస్తుతం నాకు లేదు.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
ప్రకాశం జిల్లా