పొదుపు ఎక్కడ ఆపాలో ఎవరూ చెప్పలేదు

సంపాదకులకు నమస్కారం.

వయసులో ఉన్నప్పుడు కడుపు కట్టుకుని దాచినవాళ్లు తర్వాత బాధపడతారా అని కొన్ని వారాలుగా మీ పత్రికలో లేఖలు వస్తున్నాయి. కుర్రాళ్లు ఒక పక్క, మా వయసువాళ్లు ఒక పక్క చేరి వాదించుకుంటున్నారు. నాకు అరవై మూడేళ్లు దాటాయి. కర్నూలు జిల్లాలో సెకండరీ గ్రేడ్ పంతులుగా ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి 2024లో రిటైరయ్యాను. నేనూ బాధపడుతున్నాను, నిజమే. అయితే ఆ బాధ కుర్రాళ్లు చెబుతున్న వయసుది కాదు.

1986లో ఉద్యోగం వచ్చింది. చేతికి వెయ్యి రూపాయలు అందేవి. మాది పత్తికొండ వైపు మెట్ట. నాన్న వేరుశనగ వేసేవాడు. వాన పడితే పంట, లేకపోతే అప్పు. నేను పంతులయ్యేనాటికి నూటికి మూడు రూపాయల వడ్డీ మీద పన్నెండు వేలు బాకీ ఉంది. అంటే నెల తిరిగేసరికి వడ్డీయే మూడు వందల అరవై. నెలకు ఆరు వందలు ఇంటికి పంపేవాడిని. మిగిలిన నాలుగు వందల్లో నేను బతకాలి.

ఆ బతుకు ఎలా ఉండేదో చెప్పాలి, ఎందుకంటే దాన్ని కొందరు ‘వయసును తగలేసుకోవడం’ అంటున్నారు. బళ్లారి చౌరస్తా దగ్గర ముగ్గురం పంతుళ్లం ఒక గదిలో ఉండేవాళ్లం. అద్దె నూట యాభై, తలా యాభై. పొద్దున ఉగ్గాని బజ్జీ, రాత్రి జొన్నరొట్టె, శనక్కాయల చట్నీ. ముగ్గురికీ కలిపి టూ బై త్రీ టీ. హోటలాయన మమ్మల్ని చూడగానే మూడో గ్లాసు తనే పెట్టేవాడు. గార్గేయపురం బడికి సైకిలు మీద వెళ్లొచ్చేవాడిని, రానూ పోనూ ఇరవై కిలోమీటర్ల పైమాటే. ఎండాకాలం ఒంటిపూట బడి అయ్యాక తిరిగొస్తుంటే తారు కరిగి టైరుకు అంటుకునేది. ఆ మూడేళ్లలో నేను ఏడ్చిన రోజు ఒక్కటి కూడా గుర్తుకురాదు. అప్పు తీరిందని నాన్న ప్రోనోటు చింపి పొయ్యిలో వేసిన సాయంత్రం మాత్రం బాగా గుర్తుంది. ఆ సాయంత్రానికి బదులుగా ఎన్ని సినిమాలు చూపిస్తామన్నా నాకొద్దు.

మా గదిలో ఒకతను మాత్రం వేరు రకం. సినిమా వస్తే మొదటి ఆట, పండగ రాకపోయినా కొత్త చొక్కా. వాడు చెడిపోయాడని రాస్తే ఈ లేఖకు అందం వచ్చేది. వాడికీ నాకొచ్చినంత పెన్షనే వస్తోంది, ఆరోగ్యం నాకంటే బాగుంది. కూతురి పెళ్లికి అప్పు చేశాడు, తీర్చాడు, అంతే.

నేను చెప్పదలచింది ఆ తర్వాతి కథ. అప్పు తీరింది, 1990లో పెళ్లయింది, పోస్టాఫీసులో ఐదు వేలు పెట్టి కిసాన్ వికాస్ పత్రాలు కొన్నాను. అప్పట్లో ఐదున్నరేళ్లకు డబ్బు రెట్టింపు. రెట్టింపైన దాన్ని మళ్లీ అందులోనే పెట్టాను. 2001 నాటికి ఇరవై వేలు. ఇక్కడ ఆగాల్సింది. అవసరం తీరిపోయింది, అలవాటు మాత్రం ఉండిపోయింది.

2003లో మా బడి పిల్లల్ని బెలుం గుహలకు తీసుకెళ్లాం. గుహలు అప్పటికి ఏడాది కిందటే జనం చూడడానికి తెరిచారు, జిల్లా అంతా అదే మాట. మా అమ్మాయికి పన్నెండేళ్లు, వేరే బడిలో చదువుతోంది. నేనూ వస్తా నాన్నా అంది. బస్సులో సీటుంది. కాకపోతే దాని చార్జీ, టికెట్టు నా జేబులోంచి ఇవ్వాలి. నూట యాభై రూపాయలు. మళ్లీ ఎప్పుడైనా మనమే వెళ్దాంలే అన్నాను. నలభై మంది పిల్లల్ని ఆ గుహల్లో లెక్కపెట్టుకుంటూ తిప్పాను, ఇంట్లో ఉన్న ఒక్కదాన్ని తీసుకుపోలేదు. బీరువాలో పత్రాలున్నాయి. ఆ నూట యాభై నాకు కష్టం కాదు. ఇవ్వబుద్ధి కాలేదు, అంతే. ఈ సంగతి మొన్న అమ్మాయి దగ్గర ఎత్తితే, ‘అవునా, నాకు గుర్తే లేదు నాన్నా’ అని నవ్వేసింది. దానికి గుర్తుండి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇంకొకటి. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి నాడు తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేసిన సంగతి మీ పాఠకులకు తెలుసు. మేము అప్పుడు పాతబస్తీలో అద్దెకుండేవాళ్లం. నీళ్లు గడప దాటగానే నేను చేసిన మొదటి పని పోస్టాఫీసు పత్రాలను ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకోవడం. ముగ్గురం పక్కింటి మిద్దె ఎక్కాం. నీళ్లు తీశాక వచ్చి చూస్తే బీరువా నిండా బురద. అందులో మా ఆవిడ పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర ఉంది. పసుపు మీద ఎర్ర అంచు. పంతొమ్మిదేళ్లలో మూడు సార్లే కట్టింది. పాడైపోతుందని నేనే అడ్డం పడేవాడిని. మడత విప్పబోతే చేతికి పీలికలుగా వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. నా నడుముకున్న కవరు వైపు ఒకసారి చూసింది. పేరు మీదున్న పత్రం పోయినా దరఖాస్తు పెట్టుకుంటే పోస్టాఫీసువాళ్లు నకలు ఇస్తారని నాకు తర్వాత తెలిసింది. చీరకు నకలు ఎవరిస్తారు?

అంత జరిగినా మారానా అంటే, లేదు. 2015 పీఆర్సీలో, అంటే వేతన సవరణలో, జీతం బాగా పెరిగాక కూడా కొత్త బస్టాండు నుంచి ఆటో ఎక్కకుండా నడిచొచ్చేవాడిని. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఇప్పటికీ నాకు టెన్షనే.

కుర్రాళ్లకు మేమిచ్చే సలహాలో ఇంకో లోపం ఉంది. మేం దాచినట్టు దాచండి అంటాం. మా రోజుల్లో ఐదున్నరేళ్లకు రెట్టింపైన అదే కిసాన్ వికాస్ పత్రం 2023 ఏప్రిల్ లెక్క ప్రకారం రెట్టింపు కావడానికి 115 నెలలు, అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు. పైగా నాకు పాత పెన్షన్ ఉంది. 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లకు అది లేదు, సీపీఎస్ ఉంది, అంటే జీతంలోంచి నెలనెలా కోసి జమచేసే పెన్షన్ పథకం. మా అమ్మాయి కూడా టీచరే, ఆ లెక్కలోకే వస్తుంది. ‘నువ్వు దాచకపోయినా గడిచేది నాన్నా, నాకు దాచకపోతే గడవదు’ అంటుంది. అయినా నెలనెలా ఆర్డీ కట్టేసి, మిగిలినదాంతో స్నేహితులతో గండికోట పోయి టెంటులో పడుకుని వస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఎంతయిందని అడగబోయి నాలిక కరుచుకున్నాను.

అందుకని మీకొక మనవి. పొదుపు మీద శీర్షికలు రాయించేటప్పుడు ఎలా మొదలుపెట్టాలో చాలామంది చెబుతున్నారు. నలభై దాటి, అప్పులు తీరి, ఖర్చు పెట్టడానికి ఇంకా చేయి రానివాళ్ల గురించి కూడా ఎవరితోనైనా రాయించండి. నాలాంటివాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు, పెన్షనర్ల సంఘం మీటింగుకు వస్తే చూపిస్తాను.

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ధర్మవరం వెళ్లి, ధర అడగకుండా, మా ఆవిడకు పసుపు మీద ఎర్ర అంచు చీరే కొన్నాను. ఉగాదికి కడతానంది. ఒక ఉగాది పోయింది. చీర బీరువాలోనే ఉంది. అడిగితే, ‘ఇప్పుడెందుకండీ, మాసిపోతుంది’ అంటోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కర్నూలు