పసిపాప పాస్‌పోర్టుకు గ్యారంటర్ దొరకని తల్లిదండ్రుల తరఫున కెనడా వలస, పౌరసత్వ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారములు. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. ఇదే ఇబ్బందిలో ఉన్న మా వాళ్లు కూడా చదవాలని తెలుగులో రాస్తున్నాను.

మా పాప రెజీనాలో పుట్టింది. ఈ గడ్డ మీద పుట్టింది కాబట్టి మీ చట్టం ప్రకారం పుట్టుకతోనే కెనడా పౌరురాలు. నేనూ మా వారూ పర్మనెంట్ రెసిడెంట్లం (పీఆర్), అంటే పౌరసత్వం లేకున్నా ఇక్కడ స్థిరంగా ఉండే అనుమతి ఉన్నవాళ్లం. పాప పుట్టేనాటికి మేము ఈ దేశానికి వచ్చి పదిహేడు నెలలు. ఖమ్మంలో మా నాన్నగారు పక్షవాతంతో మంచాన ఉన్నారు. ఆయనను వదిలి మా అమ్మ పురిటికి రాలేకపోయింది. నాన్నగారికి మనవరాలిని చూపించాలన్న ఆత్రంతో, జనన ధ్రువపత్రం చేతికి రాగానే పిల్లల పాస్‌పోర్టు ఫారం, అంటే పీపీటీసీ 155, నింపడానికి కూర్చున్నాము. గ్యారంటర్, అంటే బిడ్డ వివరాలు నిజమేనని హామీ ఇచ్చే మనిషి, అన్న చోట మా కలం ఆగిపోయింది.

గ్యారంటర్‌గా సంతకం చేసేవారు కెనడా పౌరులై ఉండాలి, పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, వారి పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండాలి లేదా గడువు దాటి ఏడాదికి మించకూడదు, దరఖాస్తు చేసే తల్లినో తండ్రినో కనీసం రెండేళ్లుగా స్వయంగా ఎరిగి ఉండాలి. పాప ఫోటో వెనుక, స్టూడియో పేరు, తేదీ పోగా మిగిలిన ఆ కాస్త జాగాలో, ఇది ఫలానా బిడ్డ పోలికేనని రాసి సంతకం చేయాలి. అయితే దేశానికి వచ్చి రెండేళ్లు కానివారిని ఇక్కడి పౌరులెవరైనా రెండేళ్లుగా ఎలా ఎరిగి ఉంటారు?

అయినా వెతికాము. మా వారి ఆఫీసులో సహోద్యోగి ఇక్కడే పుట్టి పెరిగినవారు, కానీ పరిచయమై పద్నాలుగు నెలలే. మా ఇంటి యజమానురాలు పాపకు స్వయంగా ఊలు టోపీ అల్లి ఇచ్చిన మనిషి, కానీ ఆమె జన్మలో పాస్‌పోర్టు తీసుకోలేదు. నన్ను ఇంజనీరింగ్ రోజుల నుంచీ ఎరిగిన స్నేహితురాలు ఎడ్మంటన్‌లో ఉంది. పన్నెండేళ్ల స్నేహం మాది, కానీ ఆమె ఇంకా పౌరురాలు కాలేదు. కొత్తగా వచ్చినవారి చుట్టూ ఉండేది కొత్తగా వచ్చినవారే. పౌరసత్వం కావాలంటే ఐదేళ్లలో 1,095 రోజులు ఇక్కడ నివసించి ఉండాలన్న చట్టాన్ని అమలు చేసేది మీ శాఖే గనుక ఈ సంగతి మీకు తెలియనిది కాదు.

ఇక గుడిలో పరిచయమైన ఒక పెద్దాయన మా అవస్థ చూడలేక, "దానికేముందమ్మా, రెండేళ్లని రాసేయండి, నేను సంతకం పెడతాను" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆయన మాకు తెలిసి ఎనిమిది నెలలు. మా బిడ్డ పేరు మీద ఈ దేశానికి సమర్పించే తొలి దరఖాస్తులోనే అబద్ధం రాయడానికి మాకు చేతులు రాలేదు. ఆ రాత్రి పాపకు పాలు పడుతూ చాలాసేపు ఏడ్చాను. నాన్నగారి ఆరోగ్యం మాట ఫోనులో విన్న ప్రతిసారీ, ఆ సంతకం పెట్టించుకుని ఉండాల్సిందేమో అనిపించేది.

మరికొందరు భారత పాస్‌పోర్టు తీసుకోమని సలహా ఇచ్చారు. ఏడాదిలోపు కాన్సులేట్‌లో బిడ్డ జననం నమోదు చేయించుకుంటే అది సాధ్యమే, కానీ అందుకు బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని ప్రకటించాలి. ఒక సంతకం దొరకనందువల్ల పాప తను పుట్టిన దేశపు పాస్‌పోర్టు వదులుకుని మరో దేశపు పాస్‌పోర్టు తీసుకోవలసిన గతి పట్టకూడదని నా అభిప్రాయం.

చివరికి ఒక పాస్‌పోర్టు కార్యాలయంలో కౌంటర్ దగ్గర ఉన్న ఉద్యోగిని చెబితేనే తెలిసింది, గ్యారంటర్ దొరకనివారి కోసం పీపీటీసీ 132 అనే ప్రమాణపత్రం ఉందని. నోటరీ ఎదుట ప్రమాణం చేసి సంతకం పెడితే అది గ్యారంటర్‌కు బదులుగా చెల్లుతుంది. ఆ ఒక్క మాట ముందే తెలియక మేము ఏడు వారాలు తిరిగాము. నోటరీ రుసుము పెద్ద కష్టం కాదు గాని, పోయిన ఆ ఏడు వారాలు మా నాన్నగారి విషయంలో మాకు చాలా విలువైనవి.

మంత్రి గారూ, పాస్‌పోర్టు తప్పుడు చేతుల్లో పడకూడదన్న జాగ్రత్తను నేను ప్రశ్నించడం లేదు. తల్లిదండ్రులు కాని మరో మనిషి బిడ్డను చూసి చెప్పాలనడం సమంజసమే. నేను అడిగేది, ఆ మనిషి ఎవరు కావచ్చు అన్నదే. 2007 అక్టోబరుకు ముందు డాక్టర్లు, లాయర్ల వంటి కొన్ని వృత్తులవారికే ఉన్న ఈ అర్హతను పాస్‌పోర్టు ఉన్న పెద్దలందరికీ విస్తరించినప్పుడు ఎందరికో మేలు జరిగింది. అలాంటి మార్పే ఇప్పుడు ఏడాదిలోపు పిల్లల విషయంలో కావాలి. మా పాప గుండె చప్పుడును నాకంటే ముందు విన్నది మా మిడ్‌వైఫ్. బొడ్డు కోసినదీ, తూకం వేసి రాసినదీ, వారం తిరగకుండా ఇంటికొచ్చి చూసినదీ ఆమే. ఆ బిడ్డ ఆ తల్లి బిడ్డేనని ఆమెకంటే గట్టిగా చెప్పగలవారు లేరు. కానీ నన్ను రెండేళ్లుగా ఎరగదు కాబట్టి ఆమె సంతకం చెల్లదు. పురుడు పోసిన మిడ్‌వైఫ్‌కో డాక్టరుకో ఈ రెండేళ్ల నియమాన్ని సడలించండి.

ఇక తల్లిదండ్రులెవరన్న ప్రశ్నకు జవాబు మీ శాఖ దగ్గరే ఉంది. మా వేలిముద్రలు, ఫోటోలు, పెళ్లి ధ్రువపత్రం, పోలీసు క్లియరెన్సు అన్నీ పరిశీలించాకే మాకు పీఆర్ ఇచ్చారు. అమెరికాలో గ్యారంటర్ లేకుండానే తల్లిదండ్రులిద్దరూ బిడ్డతో సహా అధికారి ముందుకు వచ్చి ప్రమాణం చేస్తే దరఖాస్తు తీసుకుంటారు. ఇక్కడా అలాంటి దారి తెరిస్తే, మైనస్ ముప్పై చలిలోనైనా పాపను దుప్పట్లో చుట్టుకుని వచ్చేవాళ్లం.

నియమాలు మార్చడానికి సమయం పడుతుందని తెలుసు. ఈలోగా ఆ 132 ప్రమాణపత్రాన్ని పిల్లల దరఖాస్తుతో పాటే ఇవ్వండి, గ్యారంటర్ గడి పక్కనే దాని సంగతి రాయించండి. మా పై అంతస్తులో ఉండే తెలుగు జంటకు వచ్చే నెలలో కాన్పు. వాళ్లు ఈ దేశానికి వచ్చి పదకొండు నెలలైంది. "అక్కా, మీరు సంతకం పెడతారా" అని ఆ అమ్మాయి నిన్ననే అడిగింది. నేను పౌరురాలిని కాను, పెట్టలేనని చెప్పి, మా దగ్గర మిగిలిన ప్రమాణపత్రం నకలు చూపించాను.

ఇట్లు,
రెజీనా నుంచి ఒక తల్లి