ముద్రణ ఆగినా హక్కు ఆగదు

సంపాదకులకు,

అంగట్లో దొరకని పుస్తకమే కదా, పేజీలు ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెడితే తప్పేముందని చాలామంది అనుకుంటున్నారు. మలిముద్రణ లేనంత మాత్రాన కాపీరైట్ పోదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలమంతా, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ 60 ఏళ్లూ మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్క. అంటే 1960లో ఏ నెలలో పోయినా 2020 డిసెంబరు 31 దాకా ఉన్నట్టే.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడ కాదు. మూల రచయిత గడువు తీరినా అనువాదకుడిది, పీఠిక రాసినవారిది, బొమ్మలు వేసినవారిది వేర్వేరు లెక్క. పాత కావ్యానికి ఈమధ్య రాసిన వ్యాఖ్యానం సంగతీ అంతే. మరణానంతరం తొలిసారి అచ్చయిన రచనకైతే, అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. కాబట్టి ప్రచురణ వివరాలుండే ముఖపత్రం వెనక పేజీ చూడందే ముందుకు పోవద్దు.

హక్కు మిగిలి ఉన్నా విమర్శ, సమీక్ష, పరిశోధనల కోసం ఉటంకించడానికి సెక్షన్ 52 వీలిస్తుంది. ఇన్ని పదాలనీ, పది శాతమనీ అందులో ఎక్కడా లేదు. ఆ అంకెలు ఎవరు పుట్టించారో గానీ! చర్చకు కావలసిన పేరా మాత్రమే ఇచ్చి, దానిమీద మీ మాట రాయండి. రచయిత, ప్రచురణకర్త, ఏడాది, పేజీ సంఖ్య చేర్చండి. చిన్న కవితా ఖండికను మొత్తం దించేస్తే మాత్రం, ఆరు పంక్తులే అయినా అది పూర్తి రచనే.

హక్కుదారుల ఆచూకీ దొరకకపోతే సెక్షన్ 31ఎ కింద లైసెన్సు కోరవచ్చు. దరఖాస్తుకు ముందు దేశంలో ఎక్కువ ప్రాంతాలకు చేరే ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన వేయాలి, పుస్తకం తెలుగుదైనా సరే.

— పాత పుస్తకాల పాఠకులు