శనివారం సమావేశానికి రాయి ముక్కలు తెచ్చుకోండి

గణితం, సైన్సు ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

పోయిన నెల ఒంగోలులో మూడు గంటలు ఉపన్యాసాలు విన్నాం. టీ మాత్రం బాగుంది. ఈసారి పాఠమే చూద్దాం. జపాన్ ఉపాధ్యాయులు ఎన్నో దశాబ్దాలుగా చేస్తున్న పనే ఇది: కలిసి ఒక పాఠం తయారుచేసుకుంటారు, ఒకరు తరగతిలో చెబుతారు, మిగిలినవారు వెనుక కూర్చుని టీచరును కాదు, పిల్లలను గమనిస్తారు.

మన పాఠం సాంద్రత. చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్కలు, త్రాసు, కొలజాడీ చాలు. తూచి, నీటిలో ముంచి లెక్కకడితే ఘన సెంటీమీటరుకు 3 గ్రాముల దరిదాపుల్లో రావాలి. పిల్లలకు 2.6 వస్తుంది, 3.4 కూడా వస్తుంది. లెక్కల మాస్టారికి పని అక్కడే! సగటు, వ్యాప్తి (అన్నిటికన్నా పెద్ద, చిన్న విలువల తేడా) చెప్పడానికి పుస్తకంలోని పట్టిక కంటే ఇది ఎంతో నయం. అన్నట్టు, గ్రానైటు పేరుతో అమ్ముతున్నా భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి, అంటే శిలాద్రవం భూమి లోపల నెమ్మదిగా చల్లారి ఏర్పడిన ముదురు రంగు రాయి. పిల్లలు అడిగితే తెల్లమొహం వేయకండి.

పాఠం చెప్పేది, చర్చ నడిపేది కొత్తగా చేరినవారే. నాలాంటి సీనియర్లు చివరిదాకా నోరు మెదపకూడదు, కష్టమే, తెలుసు. ముందుకొచ్చేవారు గురువారంలోగా ఇక్కడే పేరు రాయండి. కొలజాడీలు నేను తెస్తాను.