జారే వాయిద్యం, జారని మనిషి

హైదరాబాదు,
ఆదివారం ఉదయం

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం అందింది. క్షేమ సమాచారాలు నాలుగు ముక్కల్లో తేల్చేసి, మిగిలిన పేజీ అంతా నన్ను ఆటపట్టించడానికే ఖర్చుపెట్టావు. "ఏనుగు తొండంలాంటి ఆ గొట్టంలో నీకు ఏం వినిపిస్తోందిరా?" అని అడిగావు కదా, ఇక అనుభవించు. ఆ గొట్టం పేరు ట్రాంబోన్, మీటలకు బదులు జారే గొట్టం ఉన్న ఇత్తడి వాయిద్యం. అందులో నాకు వినిపించేది జె.జె. జాన్సన్ అనే అమెరికా జాజ్ కళాకారుడు. మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది, కాఫీ నేనే కలుపుకున్నాను, నాకేమీ తొందర లేదు.

ముందు నా పరువు పోయిన సంగతి చెబుతాను. కిందటి నెల మా వీధిలో పెళ్లి ఊరేగింపు అయ్యాక బ్యాండు మేళం వాళ్లు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు. వాళ్లలో ఒకాయన దగ్గర ట్రాంబోన్ ఉంది. బతిమాలితే చేతికిచ్చాడు. పట్టుకోగానే స్లయిడ్, అదే ముందుకూ వెనక్కూ జరిగే గొట్టం, సర్రున జారిపోయింది. "లాకు తిప్పాలి సార్!" అంటూ ఆయన ఒడిసి పట్టుకోకపోతే సొట్టకు డబ్బు నేను కట్టవలసి వచ్చేది. ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. పెదవులు బిగించి బుర్రుమనిపించాలట. పదోసారికి గేదె అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు.

అవమానం సంగతి అలా ఉంచు. ట్రంపెట్‌కు మూడు మీటలుంటాయి, నొక్కితే స్వరం మారుతుంది. దీనికి అవేవీ లేవు. స్లయిడుకు ఏడు స్థానాలు. ఒక్కోటి దాటినప్పుడల్లా స్వరం అరమెట్టు దిగుతుంది. ఏడో స్థానానికి నా చేయి పూర్తిగా చాపినా చాలీ చాలనట్టే ఉంది. ఎక్కడ ఆపాలో చెప్పే గుర్తులు గొట్టం మీద ఉండవు. మన వయొలిన్ లాగే చెవే దిక్కు. ఊపిరి ఆపకుండా స్లయిడ్ లాగావో, స్వరం నుంచి స్వరానికి జారుడే జారుడు. న్యూ ఆర్లీన్స్ జాజ్ పాతకాపులు, కిడ్ ఓరీ లాంటివాళ్లు, ఆ జారుడునే సొగసుగా మలుచుకున్నారు. వాయిద్యం ఇస్తానంటున్నదాన్ని ఎవరు మాత్రం వద్దంటారు?

జె.జె. జాన్సన్ వద్దన్నారు. నాకు ఆ మనిషి మీద ఉన్న పిచ్చంతా అక్కడే ఉంది.

1924లో ఇండియానాపోలిస్‌లో పుట్టారు. ముందు పియానో, పద్నాలుగో ఏట ట్రాంబోన్. బెన్నీ కార్టర్ జాజ్ బృందంలో, తరవాత కౌంట్ బేసీ బృందంలో పనిచేశారు. సరిగ్గా అప్పుడే సాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్, ట్రంపెట్ వాయించే డిజ్జీ గిలెస్పీ జాజ్‌ను తలకిందులు చేస్తున్నారు. వాళ్లు తెచ్చిన కొత్త శైలి పేరు బీబాప్. అంటే శరవేగం, అడుగడుగునా మెలికలు. సాక్సఫోన్‌కు సరే, ట్రంపెట్‌కు సరే. చేయంతా ఊపవలసిన ట్రాంబోన్‌కు ఆ పరుగు ఎలా కుదురుతుంది? దాని పని అయిపోయిందని అనుకునే రోజుల్లో, 1946లో, బడ్ పవెల్ పియానోతో, మ్యాక్స్ రోచ్ డ్రమ్స్‌తో ఈయన సొంత రికార్డులు చేశారు. మరుసటి ఏడాది డిసెంబరులో పార్కరే తన రికార్డింగుకు పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. ఆ వేగానికి అది స్లయిడ్ ట్రాంబోన్ కాదు, మీటలున్న రకమే అని పందెం కాసిన వాళ్లున్నారు.

కిటుకు చేతిలో కన్నా నాలుకలో ఎక్కువ. స్లయిడ్ కదిలే ఆ రెప్పపాటులో నాలుకతో గాలిని తుంచేస్తారు. మధ్యలోని జారుడు మన చెవిదాకా రాదు. పైగా చేతికి వృథా ప్రయాణం ఉండదు. పై స్థాయిలో ఒకే స్వరాన్ని రెండు మూడు స్థానాల్లో పట్టవచ్చు, మనం పక్క తీగ మీద పట్టినట్టు. ఏది దగ్గరైతే దాన్నే అందుకుంటారు. స్వరానికి వణుకు తక్కువ, గుండ్రంగా, సూటిగా ఉంటుంది. అలా అని జారు అసలే లేదని కాదు. ఎప్పుడో ఒక్కసారి, పాయసంలో యాలకులంత.

ఇది వింటుంటే నాకు మన వయొలిన్ మాస్టారు గుర్తొస్తారు. వేలు జారించి స్వరాన్ని వెతుక్కుంటే కమానుతో గోరు మీద ఒక్కటిచ్చేవారు కదా! "జారు వేరు, జారిపోవడం వేరు" అనేవారు. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ దీనికి సరిగ్గా ఎదురు దారిలో వెళ్లారు చూడు. మెట్లున్న వాయిద్యం, స్వరం ఇట్టే ఆరిపోతుంది, దాని మీద స్వరాన్ని ఊపే, జార్చే గమకాలు పలికించారు. జాన్సన్ గమకం కోసమే పుట్టినట్టున్న గొట్టంతో మెట్లు కట్టారు. ఇద్దరినీ ఒకే రాత్రి విన్నాను, నిద్ర పట్టలేదు.

ఇంత చేసిన జాన్సన్ 1952 నుంచి 1954 దాకా ఏం చేశారో తెలుసా? లాంగ్ ఐలండ్‌లోని స్పెర్రీ కంపెనీలో యంత్రాల నక్షాలు సరిచూసే ఉద్యోగం. సంగీతంతో ఇల్లు గడిచేది కాదు. ఆ ఉద్యోగంలో ఉండగానే, 1953 జూన్‌లో, ఇరవై రెండేళ్ల క్లిఫర్డ్ బ్రౌన్‌ను ట్రంపెట్ మీద పెట్టుకుని రికార్డు కంపెనీ బ్లూ నోట్‌కు రికార్డు చేశారు. రోజంతా గీతలు చూసిన కళ్లు, మరుసటి ఉదయం మళ్లీ డ్యూటీ. వీలు లేక వయొలిన్ మూలన పెట్టామని చెప్పుకునే మనమిద్దరం ఇక్కడ కాసేపు తల వంచుకుందాం.

డెన్మార్క్‌లో పుట్టిన మరో ట్రాంబోన్ కళాకారుడు కై విండింగ్‌తో 1954లో జట్టు కట్టారు. ముందున్నది రెండు ట్రాంబోన్లే! జనం బ్రహ్మరథం పట్టారు. తమాషా ఏమిటంటే, ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ తొమ్మిదిమంది బృందం 1949, 1950లలో చేసిన రికార్డింగుల్లో మొదటిసారి ట్రాంబోన్ కుర్చీలో కూర్చున్నది విండింగ్, మిగిలిన రెండుసార్లు జాన్సన్. 1970లో హాలీవుడ్ వెళ్లి సినిమాలకు, టీవీకి సంగీతం రాసుకుంటూ వేదికకు దాదాపు దూరమయ్యారు. ఆ కాలం మీద నాకు కొంచెం కోపం ఉంది, వదిలేయ్. 1988 నాటికి న్యూయార్క్ జాజ్ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్‌లో మళ్లీ వాయిస్తున్నారు. 2001 ఫిబ్రవరిలో సొంత ఊళ్లోనే పోయారు.

ఆయన వాయింపు చల్లగా ఉంటుందని, లెక్కలా ఉంటుందని ఒక ఫిర్యాదు. మొదట్లో నేనూ అదే అన్నాను, కాదనను. ఆయన కట్టిన "లామెంట్" విన్నాక నోరు మూసుకున్నాను. పేరుకు విలాపమే, ఎక్కడా ఏడవడు. స్వరం మీద నిలబడతాడు, కదలడు, అంతే. చూశావా, ఆయన ఆయన అంటూ వచ్చి ఏకవచనంలోకి దిగాను. ఆ పాట అంత పని చేస్తుంది.

కాబట్టి నీకు ఇచ్చే పని ఇదీ. ముందు "లామెంట్" విను, ఆ తరవాతే 1946 నాటి పరుగులు. పరుగుతో మొదలుపెడితే "సర్కస్" అని తీసిపారేస్తావు, నీ సంగతి నాకు తెలియదా. శనివారం రాత్రి ఫోను చేస్తాను. వయొలిన్‌కు కొత్త తీగలు తెప్పించావా? చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
శేఖర్