సామంతుణ్ని కలుపుకోవడానికి అంత తొందరెందుకు?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో మధ్యయుగపు వ్యూహక్రీడల మీద వచ్చిన వ్యాసం చూశాను. కంప్యూటర్ ఆటలంటే కాలక్షేపమని కొట్టిపారేయకుండా తెలుగు పత్రిక వాటికి చోటివ్వడం సంతోషం. కానీ అందులోని ప్రధాన సలహా తప్పు. ఓడిన రాజ్యాన్ని సామంతంగా వదిలితే ఎప్పటికైనా తిరగబడుతుందనీ, సంధి రోజునే మొత్తం కలిపేసుకోవాలనీ రాశారు. కొత్తగా ఆడే పిల్లలు అది నమ్మి ఆడితే యాభై ఏళ్ల ఆట తిరక్కముందే దివాలా తీస్తారు. అందుకే ఈ వివరణ.

యూరోపా యూనివర్సాలిస్ 4 అనే రాజ్యాల ఆటనే తీసుకుందాం. ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది. విజయనగరాన్ని ఎంచుకుని ఆడవచ్చు. పక్క రాజ్యాన్ని ఒకదాన్ని గెలిచారనుకోండి, దాని మొత్తం డెవలప్‌మెంట్, అంటే భూమి విలువకు ఆట ఇచ్చే అంకె, 60. నేరుగా కలుపుకుంటే ఆ భూమిని సొంతం చేసుకోవడానికి, అంటే కోర్ చేయడానికి, ఒక్కో డెవలప్‌మెంట్‌కు 10 చొప్పున 600 అడ్మిన్ పాయింట్లు, అంటే పరిపాలనకు ఖర్చుపెట్టే పాయింట్లు, కావాలి. ఆ పాయింట్లు నెలకు ఎన్ని వస్తాయి? అందరికీ వచ్చేవి 3. రాజు సామర్థ్యాన్ని బట్టి 0 నుంచి 6. సలహాదారు ఉంటే అతని స్థాయిని బట్టి 1 నుంచి 5. రాజు సామర్థ్యం 3, సలహాదారు స్థాయి 1 అయితే నెలకు 7. అంటే 600 కూడడానికి ఏడేళ్లు దాటుతుంది. ఒక సాంకేతిక స్థాయి ఎక్కడానికి అయ్యే మూల ఖర్చు కూడా దాదాపు 600. ఒక్క యుద్ధం గెలిచి ఒక సాంకేతిక స్థాయి వదులుకున్నట్టే. స్థిరత్వం పెంచుకోవాలన్నా ఈ అడ్మిన్ పాయింట్లే ఖర్చవుతాయి. ఈలోగా కోర్ కాని భూమి అంతా ఓవర్ ఎక్స్‌టెన్షన్ కింద లెక్కకొస్తుంది. అది 100 శాతం దాటితే తిరుగుబాట్లు, అవినీతి, వరుసగా చెడ్డ సంఘటనలు. గొంతు పట్టనంత సంగటి ముద్ద నోట్లో కుక్కుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

అదే రాజ్యాన్ని సామంతంగా ఉంచితే అడ్మిన్ పాయింట్లు ఒక్కటీ పోవు. చుట్టుపక్కల రాజ్యాలకు మీ మీద పుట్టే కోపం, అంటే అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్, కూడా తక్కువ. సామంతుడు రాబడిలో కొంత కప్పం కడతాడు, మీ యుద్ధాల్లో తన సైన్యంతో వస్తాడు. పదేళ్లు గడిచాక కలుపుకోవచ్చు. అప్పుడు ఒక్కో డెవలప్‌మెంట్‌కు 8 చొప్పున 480 డిప్లొమాటిక్, అంటే దౌత్య, పాయింట్లు. అదీ ఒక్కసారిగా కాదు, విలీనం సాగినన్నాళ్లూ కొద్దికొద్దిగా. డిప్లొమాటిక్ పాయింట్లు ఊరికే వచ్చేవేమీ కావు, వాటితోనూ సాంకేతికత కొనాలి. అయినా విస్తరించే రాజ్యానికి ముందు ఎండిపోయేది అడ్మిన్ పాయింట్ల బావే. భారాన్ని దాని మీద నుంచి తీసి మరో ఖాతాలో వేయడమే సామంత విధానంలోని అసలు లాభం. విధేయత, గౌరవం అన్నవి తర్వాతి సంగతి.

ఏ రాజ్యాన్ని సామంతంగా ఉంచాలన్నది ఇంకా ముఖ్యం. మామూలుగా దౌత్య సంబంధాలు నాలుగింటికే చోటుంటుంది. మిత్రరాజ్యాలు, సామంతులు అన్నీ ఆ నాలుగులోనే. దాటిన ప్రతి సంబంధానికీ నెలకు ఒక డిప్లొమాటిక్ పాయింటు జరిమానా. కాబట్టి దొరికిన ప్రతి చిన్న రాజ్యాన్నీ సామంతుణ్ని చేసుకోవడం కూడా పొరపాటే. డెవలప్‌మెంట్ 15 ఉన్న రాజ్యాన్ని నేరుగా కలిపితే అయ్యేది 150 అడ్మిన్ పాయింట్లు. దానికోసం పదేళ్లకు పైగా ఒక సంబంధం చోటు ఇరికించుకోవడం దండగ. మంచి సామంతుడంటే ఇప్పుడు చిన్నగా ఉండి, ఒకప్పుడు పెద్దగా బతికినవాడు. అతని పాత కోర్లు పొరుగు శత్రువు చేతిలో ఉంటాయి. వాటిని తిరిగి ఇప్పించడం కోసమని యుద్ధం ప్రకటిస్తే, ఆ భూములకు అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ మామూలులో నాలుగో వంతే పడుతుంది. గెలిచిన భూమి నేరుగా సామంతుడి పేరిట పోతుంది, అవి అతని కోర్లే కాబట్టి కొత్తగా ఖర్చేమీ ఉండదు. అలాంటి రాజ్యం పూర్తిగా అంతరించిపోయినా ఫరవాలేదు. దాని కోర్ ఉన్న ఒక్క ప్రాంతాన్ని గెలిచి, అక్కడే దాన్ని సామంతంగా మళ్లీ నిలబెట్టవచ్చు.

ఇక వ్యాసకర్త భయపడిన తిరుగుబాటు. అది ఉత్త పుణ్యానికి రాదు. ప్రతి సామంతుడికీ లిబర్టీ డిజైర్, అంటే స్వాతంత్ర్య కాంక్ష, అని ఒక శాతం ఉంటుంది. 50 దాటిందంటే కప్పం ఆగిపోతుంది, విలీనం కుదరదు, స్వాతంత్ర్యానికి మద్దతిచ్చే పొరుగువాడి కోసం చూస్తాడు. దాన్ని పెంచేవాటిలో పెద్దది బలాల పోలిక. ఒక్క సామంతుడి బలంతో కాదు, సామంతులందరి బలం కలిపి మీ బలంతో తూస్తారు. ఈ ఒక్క ముక్క తెలియకే చాలామంది దెబ్బతింటారు. పెద్ద యుద్ధంలో సొంత సైన్యాన్ని పోగొట్టుకుని, ఖజానా ఖాళీ అయిందని మిగిలిన దళాలను కూడా రద్దు చేస్తారు. ఆ మరుసటి నెలే సామంతులందరి శాతమూ ఒక్కసారి లేస్తుంది. చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం: ముందు దళాలు నింపుకోవాలి, అప్పు చేసైనా సరే. తర్వాత దూతను పంపి సంబంధాలు మెరుగుపరచాలి, సామంతుడికి అప్పులుంటే తీర్చాలి. ఒకే సామంతుడికి అదేపనిగా భూములు పెడుతూ పోకూడదు. అతను మీకు సగం అయ్యాడంటే బుజ్జగించడం చాలా కష్టం.

విలీనానికి సామంతుడి అభిప్రాయం 190కి చేరాలి. దూత తెచ్చేది 100 వరకే. మిగతాది పెళ్లి సంబంధం, ఒకే మతం వంటివాటి నుంచి రావాలి. అందుకని పదో ఏడు దాకా ఆగకుండా ఏడో ఏడో ఎనిమిదో ఏడో దూతను అక్కడ కూర్చోబెట్టాలి. మతం వేరైన రాజ్యంతో ఈ 190 అందుకోవడం కష్టం. విజయనగరంతో ఆడేవాళ్లు బహమనీ సరిహద్దులో దీన్ని గమనించాలి. అదీగాక అంత పెద్ద రాజ్యం ఒక్క సంధిలో సామంతం కాదు, సంధిలో అడగగలిగేది 100 యుద్ధ స్కోరుకు, అంటే యుద్ధంలో సాధించిన పైచేయికి ఆట ఇచ్చే అంకెకు, లోబడే. కాబట్టి సరిహద్దులోని సారవంతమైన నేలను నేరుగా తీసుకుని, మిగతాదాన్ని ముక్కలు చేయడం మేలు. ఇంకో సంగతి: ఒక సామంతుణ్ని కలుపుకోగానే మిగతా సామంతుల అభిప్రాయం పడిపోతుంది, రెండో విలీనం మొదలుపెట్టడం ఆలస్యమవుతుంది. ఎవరిని ముందు కలుపుకోవాలో పదేళ్ల ముందే వరుస వేసుకోవాలి.

క్రూసేడర్ కింగ్స్ 3 అనే మరో ఆటలో ప్రశ్నే వేరు. అందులో సామంతులు లేకుండా ఏలడమే కుదరదు. రాజు స్వయంగా ఏలగలిగే ప్రాంతాలకు పరిమితి ఉంది, దాటితే పన్నూ సైన్యమూ తగ్గుతాయి. అక్కడ తేల్చుకోవాల్సింది సామంతుడి పరిమాణం. రెండు డచీలు, అంటే పెద్ద సామంత ప్రాంతాలు, ఒకే కుటుంబం చేతిలో పడకుండా చూడాలి. అసంతృప్తులు కూటమి కట్టి, వాళ్ల బలం రాజు బలంలో 80 శాతానికి చేరితే అసమ్మతి పెరగడం మొదలవుతుంది. అది 100 నిండితే అల్టిమేటం, అంటే ఆఖరి హెచ్చరిక, పంపిస్తారు. బలమైన సామంతులకు మంత్రిమండలిలో చోటివ్వాలి, మంత్రిగా పనికిరాకపోయినా సరే. సరైన కారణం లేకుండా బిరుదు లాక్కుంటే టిరనీ, అంటే నిరంకుశుడన్న పేరు, పెరిగి మిగతావాళ్లు కూడా ఆ కూటమి వైపు మొగ్గుతారు. అన్నిటికంటే ప్రమాదం రాజు చనిపోయినప్పుడు. కొత్త రాజు మీద మొదటి కొన్నేళ్లు ఎవరికీ గురి ఉండదు. వయసు మళ్లిన రాజుతో ఆడేటప్పుడు ఖజానాలో కిరాయి సైన్యానికి సరిపడా బంగారం దాచిపెట్టుకోవాలి.

ఈ సామంతుడి పరిమాణం విషయం మన కడప వాళ్లకు కొత్త కాదు. కాకతీయులకు సామంతులైన కాయస్థులు వల్లూరు కేంద్రంగా విశాలమైన ప్రాంతం ఏలారు. రుద్రమదేవి కాలంలో ఆ వంశపు అంబదేవుడు స్వతంత్రించాడు. ప్రతాపరుద్రుడు అతణ్ని అణచడంతో ఆగలేదు. పెద్ద సామంత వంశాల మీద ఆధారపడటం తగ్గించి, నాయంకర పద్ధతిలో ఎక్కువమంది నాయకులకు తక్కువ భూములు పంచాడు. కూటమి బలం 80 శాతానికి చేరకుండా ఆటలో మనం చేసేదీ ఇదే. గెలిచిందంతా కలుపుకోవాలన్న వ్యాసకర్త మాటకు శ్రీకృష్ణదేవరాయలే సమాధానం. 1515లో కొండవీడు పట్టి, కళింగం లోపలికి వెళ్లి కూడా, ఒడిశా గజపతితో వియ్యమంది కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేల తిరిగి ఇచ్చేశాడు. ఆ సరిహద్దు అలా కుదుటపడ్డాకే 1520లో రాయచూరు మీదికి నడిచాడు. ఇంగ్లీషు కంపెనీ సైతం అందరినీ ఒకే గాటన కట్టలేదు. ఆయుధాలు కూడబెడుతున్నాడన్న అనుమానంతో కర్నూలు నవాబును 1839లో దించి రాజ్యం కలుపుకుంది. పక్కనే ఉన్న బనగానపల్లె మాత్రం 1948 దాకా సంస్థానంగానే మిగిలింది.

మళ్లీ యూరోపా యూనివర్సాలిస్‌కు వస్తే, పైన ఇచ్చిన 10, 8 అన్నవి మూల ఖర్చులు. ఐడియాలు, అంటే రాజ్యానికి శాశ్వత లాభాలిచ్చే విధానాలు, ఎంచుకునేటప్పుడే ఇది తేల్చుకోవాలి. అడ్మినిస్ట్రేటివ్ ఐడియాలు పూర్తి చేస్తూ పోతే కోర్ ఖర్చులో 25 శాతం తగ్గి 10 కాస్తా 7.5 అవుతుంది. ఇన్‌ఫ్లుయెన్స్ ఐడియాల్లో విలీనపు ఖర్చు 25 శాతం తగ్గి 8 కాస్తా 6 అవుతుంది. సామంతులతో ఆడదలచినవాళ్లు ఇన్‌ఫ్లుయెన్స్ ముందు తీసుకోవాలి. దాంట్లో దౌత్య ప్రతిష్ఠ కూడా పెరిగి విలీనం త్వరగా ముగుస్తుంది. మీ అనుబంధంలో ఈ సవరణను అదే పేజీలో వేయగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జమ్మలమడుగు, కడప జిల్లా.