నాన్నా, మీరు ఏదీ మర్చిపోలేదు

నాన్నగారికి,

నమస్కారాలు. నేను బాగున్నాను. ఈ వారం రాత్రి డ్యూటీ. పని ఎప్పటిలాగే ఉంది, దాని గురించి రాయడానికేమీ లేదు.

నిన్న అమ్మ ఫోన్‌లో గొంతు తగ్గించి ఒక మాట చెప్పింది. మీరు పది రోజులుగా కంప్యూటర్ జోలికే పోవట్లేదట. ఎందుకని అడిగితే, "పాస్‌వర్డ్ కూడా గుర్తుండట్లేదు, ఇంక నాకెందుకది" అన్నారట. అది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. డ్యూటీ దిగి వచ్చి, పడుకోకుండా ఇది రాస్తున్నాను. ఫోన్‌లో అడిగితే "ఏం లేదులే, బాగానే ఉంది" అని దాటేస్తారు. కాగితం మీద ఉంటే పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటే చూసుకుంటూ చేసుకోవచ్చు.

అసలు మాట ముందు చెప్పేస్తాను. మీరు ఏదీ మర్చిపోలేదు. మీరు కొట్టిన పాస్‌వర్డ్ సరైనదే. తప్పు నాది.

పోయినసారి నేను వచ్చినప్పుడు, పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంది, కొట్టేసరికి వేళ్లు తడబడుతున్నాయి అన్నారు. ఆ రాత్రి మీరు పడుకున్నాక నా అకౌంట్‌లోంచి వెళ్లి మీకు చిన్న పాస్‌వర్డ్ పెట్టాను. అక్కడితో ఆగలేదు. స్విచ్ వేయగానే కంప్యూటర్ నేరుగా తెరుచుకోవాలని ఆటోమేటిక్ లాగిన్ కూడా పెట్టాను. మీకు సుఖంగా ఉంటుందనుకున్నాను. ఆ రెండూ కలిసే మీకు ఈ తిప్పలు తెచ్చాయి.

మీ కంప్యూటర్‌ని నడిపే ఉబుంటులో లోపల కీరింగ్ అని ఒకటి ఉంటుంది నాన్నా, తాళాలగుత్తి లాంటిది. క్రోమ్, మెయిల్ లాంటివి తమ రహస్యాలు అందులో దాచుకుంటాయి. ఆ గుత్తికి దాని పాస్‌వర్డ్ దానికుంది. మామూలుగా అది, లాగిన్ పాస్‌వర్డ్ ఒకటే అయి ఉంటాయి. అందుకే మొదట ఒక్కసారి కొడితే లోపలిది కూడా దానంతటదే తెరుచుకుంటుంది. పాతది కొట్టి, కొత్తది పెట్టి, మీరే మార్చుకుంటే రెండూ కలిసే మారతాయి. నేను మీ పాతది కొట్టకుండా నా అకౌంట్‌లోంచి మార్చాను. బయటిది మారింది, లోపలిది పాతదే ఉండిపోయింది. దానికి తోడు ఆటోమేటిక్ లాగిన్ వల్ల మొదట ఎవరూ ఏమీ కొట్టడం లేదు, కాబట్టి గుత్తి మూసే ఉంటోంది. క్రోమ్ తెరవగానే "లాగిన్ కీరింగ్ అన్‌లాక్ కాలేదు" అని ఇంగ్లిషులో పెట్టె వస్తోంది. మీరు కొత్తది కొడుతున్నారు, అది కాదంటోంది. క్యాన్సిల్ నొక్కితే మళ్లీ అడుగుతోంది. అది అయ్యాక మెయిల్ వచ్చి అడుగుతోంది. గుత్తి తెరుచుకునేదాకా వచ్చిన ప్రతి ప్రోగ్రామూ అడుగుతూనే ఉంటుంది.

అమ్మా, ఈ ఉత్తరం నువ్వూ చదువుతావు కదా. "మీ నాన్నకి వయసైపోతోందే" అని ఇంకెప్పుడూ అనకు. నా పదో తరగతి హాల్ టికెట్ నంబరు నాకే గుర్తు లేదు. నాన్న ఇప్పటికీ తడుముకోకుండా చెప్తారు.

ఇప్పుడు ఏం చేయాలో రాస్తాను. కీబోర్డు కింద నేను అంటించిన కాగితం తీయండి. పైన నీలం సిరాతో రాసిన పాతదాని మీద ఒక గీత గీసి, దాని కింద కొత్తది రాశాను. ఇప్పుడు మొదట కావలసింది గీత కొట్టేసిన ఆ పాతదే. గీత నిలువుగా కాదు, అడ్డంగా ఒక్కటే గీశాను కాబట్టి అక్షరాలు కనబడతాయి. అద్దాలు పెట్టుకుని చూడండి. అక్షరాలు నేను ఇక్కడ రాయను, ఉత్తరాల్లో పాస్‌వర్డ్‌లు రాయకూడదు.

అన్ని అప్లికేషన్లూ కనబడే చోట "పాస్‌వర్డ్స్ అండ్ కీస్" అనేది తెరవండి. ఎడమ వైపు "లాగిన్" అని ఉంటుంది. దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కితే "చేంజ్ పాస్‌వర్డ్" వస్తుంది. మొదట పాతది అడుగుతుంది, గీత కొట్టినది ఇవ్వండి. తర్వాత కొత్తది రెండుసార్లు అడుగుతుంది, మీరు రోజూ కొట్టే చిన్నది ఇవ్వండి. తొందరేం లేదు, అది కాచుకుని ఉంటుంది. అయిపోయాక సెట్టింగ్స్‌లో యూజర్స్‌లోకి వెళ్లి, "అన్‌లాక్" నొక్కి, ఆటోమేటిక్ లాగిన్ ఆపేయండి. కంప్యూటర్ ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి. ఇక మొదట్లో ఒక్కసారి కొడితే చాలు, క్రోమ్ అడగదు, మెయిల్ అడగదు.

ఆ కాగితం మీద అక్షరాలు చెదిరిపోయి ఉంటే మాత్రం మీరొక్కరే ఏమీ చేయకండి, నన్ను పిలవండి, కలిసి చేద్దాం. హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగిన ఫోల్డర్లు బయటపడతాయి. అందులో లోకల్, షేర్, కీరింగ్స్ లోపల ఆ గుత్తి ఫైలు ఉంటుంది. దాని పేరు మార్చి, బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయితే కొత్తది పుడుతుంది. కానీ క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు అన్నీ పోతాయి. అందుకే అది ఆఖరి దారి.

తమ్ముడు కీరింగ్ పాస్‌వర్డ్ ఖాళీగా పెట్టేస్తే గొడవ వదులుతుందన్నాడట. వదులుతుంది, నిజమే. కానీ అప్పుడు అందులో ఉన్నవన్నీ డిస్కు మీద తాళం లేకుండా పడి ఉంటాయి. మీ బ్యాంకు పాస్‌వర్డ్ క్రోమ్‌లోనే ఉంది. వాడి మీద కోపం కాదు, వాడు మీకు తేలికవ్వాలనే చెప్పాడు. నేనూ అలా అనుకునే కదా ఇంత చేశాను.

మోకాలికి ఆ పట్టీ వేసుకుంటున్నారా? కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు కాళ్ల కింద పీట పెట్టుకోండి.

ఇంకొకటి. ఫోన్ మాట్లాడి వచ్చేసరికి స్క్రీన్ నల్లబడి, మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోంది అన్నారు కదా. అది కీరింగ్ కాదు. 5 నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ ఆరిపోయి తాళం పడుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీలో "స్క్రీన్ లాక్" ఉంటుంది, అందులో ఆటోమేటిక్ స్క్రీన్ లాక్ ఆపేయండి. ఇంట్లో మీరిద్దరే కాబట్టి భయం లేదు. ఎవరైనా వచ్చి ఉన్నప్పుడు విండోస్ గుర్తున్న మీట, ఎల్ కలిపి నొక్కితే వెంటనే లాక్ అవుతుంది.

కొత్త ప్రోగ్రాం వేసేటప్పుడు, కొన్ని అప్‌డేట్లప్పుడు కూడా అడుగుతుంది. దాన్ని మాత్రం అలాగే ఉండనివ్వండి. మీకు తెలియకుండా ఏదీ లోపలికి రాకుండా కాపాడేది అదే. మీరేమీ చేయకుండానే అలాంటి పెట్టె వస్తే, కొట్టకుండా నాకు ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా సరే. నల్లటి తెర మీద తమ్ముడు నేర్పిన అప్‌డేట్ ఆజ్ఞ కొట్టినప్పుడు పాస్‌వర్డ్ అక్షరాలు కనబడవు, చుక్కలు కూడా పడవు. మీట పనిచేయట్లేదనుకోకండి, లోపల పడుతూనే ఉంటాయి. ఒకసారి కొడితే ఆ తెర మీద 15 నిమిషాల పాటు మళ్లీ అడగదు.

మన ఇంట్లో మనం వాడుకునేదానికి ఇన్ని తాళాలెందుకు అని ఒకసారి అడిగారు. అప్పుడు నాకు తెలియలేదు, తర్వాత చదివాను. 1960ల మొదట్లో అమెరికాలో ఎంఐటీలో ఒకే పెద్ద కంప్యూటర్‌ని చాలామంది పంచుకునేవారు. ఎవరి ఫైళ్లు వాళ్లకే ఉండాలని ఫెర్నాండో కోర్బటో, ఆయనతో పనిచేసినవాళ్లు పాస్‌వర్డ్ పెట్టారు. పదిమంది మధ్య పెట్టుకున్న తాళం నాన్నా అది, అక్కడి నుంచి మన బల్ల మీదికి వచ్చింది.

మీరు రాస్తున్న మీ చిన్నప్పటి కథ ఎక్కడిదాకా వచ్చింది? నాన్నమ్మ గురించి మొదలుపెట్టాను అన్నారు, ఆ తర్వాత పేజీ రాలేదు. నేను డ్యూటీకి పోయేటప్పుడు బస్సులో చదువుకుంటాను. పాత పేజీలు రెండుసార్లు చదివేశాను. ఆ ఫైలుకి ఏమీ కాలేదు, డాక్యుమెంట్స్‌లో భద్రంగా ఉంది, దానికి ఈ కీరింగ్‌తో సంబంధం లేదు. పెట్టె వచ్చినా క్యాన్సిల్ కొట్టి రాసుకోవచ్చు.

ఇక్కడ తెల్లవారుతోంది. అమ్మని అడిగానని చెప్పండి.

మీ
అమ్మాయి

మరిచాను: తెలుగులో టైప్ చేశాక కీబోర్డు తెలుగులోనే ఉండిపోతుంది. అప్పుడు సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పంటుంది. కొట్టే ముందు పైపట్టీలో "ఈఎన్" ఉందో "టీఈ" ఉందో చూడండి. "టీఈ" ఉంటే విండోస్ గుర్తున్న మీట, స్పేస్ కలిపి నొక్కండి, ఇంగ్లిషుకి వస్తుంది. క్యాప్స్ లాక్ దీపం కూడా ఆరి ఉండాలి.